రెండు వరసల మధ్య రోసీనా

రుమేనియా కొండల మధ్య ఉన్న మా హోల్డర్‌బాఖ్‌లో ఎవరినైనా "మీది ఈ ఊరేనా?" అని అడగాలనుకుంటే ముందు కూర్చోవడానికి ఒక చోటు చూసుకోవడం మంచిది. సాక్సన్లయితే ఎనిమిది వందల ఏళ్ళ కిందట మొదలుపెడతారు. హంగరీ రాజు రమ్మని పిలిచాడట, రైన్ నది వైపు నుంచి పన్నెండు బళ్ళలో వచ్చారట, అడవి నరికారట, చర్చి కట్టారట, టాటార్ల దండు వస్తుందని చర్చి చుట్టూ కోటగోడ కూడా కట్టారట. లాండ్లర్లయితే రెండు వందల ఏళ్ళ దగ్గర అందుకుంటారు. వాళ్ళు బైబిలు చదివే తీరు ఆస్ట్రియా మహారాణికి నచ్చలేదట, కొండల్లోంచి కుటుంబాలకు కుటుంబాలనే తరిమేసిందట, డాన్యూబ్ మీద పడవల్లో వచ్చి పడ్డారట. ఇద్దరి మాటా జర్మనే, ఇద్దరి మతమూ ఒకటే, ఇద్దరికీ ఉన్నది ఒకే చర్చి. ఇన్ని కలిశాక ఇక ఒకరి పక్కన ఒకరు కూర్చోవడం దేనికని కాబోలు, చర్చిలో ఆడవాళ్ళలో సాక్సన్లు ఎడమ వరసలో, లాండ్లర్లు కుడి వరసలో కూర్చునేవారు. మగవాళ్ళు పైన చెక్కమేడల మీద కూర్చుని కిందికి చూస్తూ, తమకేమీ సంబంధం లేనట్టు ఉండేవారు.

రోసీనా రైసెనావర్ లాండ్లర్ల పిల్ల. ఆరుగురు ఆడపిల్లల్లో ఐదోది. పొట్టిగా, గుండ్రంగా ఉండేది. "దేవుడు నన్ను చెయ్యడానికి పిండి బాగానే కలిపాడు, పొడుగు దగ్గరికొచ్చేసరికి పొయ్యి ఆరిపోయింది," అని తన గురించి తనే చెప్పుకునేది. ఇంకొకరు ఆ మాట అనేలోపు తనే అనేస్తే వాళ్ళకి పని తగ్గుతుందని ఆమె లెక్క.

తొమ్మిదేళ్ళప్పుడు ఒక పండగ ఆదివారం రోసీనా కుడి వరసలో అమ్మ పక్కన కూర్చుని ఉంది. కిటికీలోంచి ఎండ వచ్చి ఎడమ వరస మీద పడింది. అక్కడ పెళ్ళయిన సాక్సన్ ఆడవాళ్ళు తెల్లటి సన్నని ముసుగు తల చుట్టూ కట్టి, దానికి జానెడు వెండి సూదులు గుచ్చుకుని కూర్చుని ఉన్నారు. సూదుల తలల మీద ఎరుపు రాళ్ళు, పచ్చ రాళ్ళు తళుక్కుమన్నాయి. లాండ్లర్ ఆడవాళ్ళ నెత్తిన నల్ల టోపీలు. ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్ళు రాళ్ళ సూదులు మోసుకొస్తారా? ఆ రోజు నుంచి రోసీనా ఒక్క ప్రసంగమూ వినలేదు. సూదులు లెక్కపెట్టేది. సోఫియా థైల్ తలలో పద్నాలుగు, ఆగ్నేతా గూనెష్ తలలో పన్నెండు.

పన్నెండు సూదుల ఆగ్నేతాకి సిమోన్ అని ఒక్కడే కొడుకు. పీపాలు చేసేవాడు. చెవులు పెద్దవి, మాటలు తక్కువ. ద్రాక్ష కోతలప్పుడు రోసీనా తండ్రి పీపా బాగుచేయించుకు రమ్మని పంపితే, పది నిమిషాల పనికి ఆమె మధ్యాహ్నమంతా అక్కడే ఉండిపోయింది. అది ప్రేమే అని సిమోన్ అనుకున్నాడు. కొంత ప్రేమే. కానీ రోసీనా ముసలిదయ్యాక కూడా ఆయన ముందే అనేది: "నేను మనసు పడింది సూదుల మీద. ఈయన వాటితో పాటు వచ్చాడు."

పెళ్ళి మాట బయటికి రాగానే రెండు ఇళ్ళలోనూ చరిత్ర పాఠాలు మొదలయ్యాయి.

"వాళ్ళు మనల్ని నిన్న వచ్చినవాళ్ళంటారు తెలుసా?" అన్నాడు రోసీనా తండ్రి.

"పిల్ల మంచిదే. కాదనను. కానీ నిన్న గాక మొన్న వచ్చినవాళ్ళు," అంది ఆగ్నేతా.

"నూట డెబ్బై ఏళ్ళయిందమ్మా," అన్నాడు సిమోన్.

"అదే నేను అంటున్నది."

ఎలాగైతేనేం, పందొమ్మిది వందల ఇరవై ఏడులో ద్రాక్ష కోతలు అయిపోగానే పెళ్ళి జరిగింది. ఎన్ని కోళ్ళు కొయ్యాలి, ఎవరి బండి ముందు నడవాలి, బాజావాళ్ళు ఎవరింట్లో తినాలి, అన్నీ రెండు వైపుల పెద్దలూ మూడేసి సార్లు మాట్లాడుకున్నారు. పెళ్ళయ్యాక కొత్తకోడలు చర్చిలో ఏ వరసలో కూర్చోవాలన్నది మాత్రం ఒక్కరికీ తట్టలేదు.

మొదటి ఆదివారం ఉదయం రోసీనా అద్దం ముందు నిలబడింది. పెళ్ళితో సూదులైతే వచ్చాయి, కానీ ఆ ముసుగు కట్టాలంటే ఇద్దరు ఆడవాళ్ళు కావాలి, అరగంట పడుతుంది. అత్తగారు అప్పటికే గుమ్మం దిగుతోంది.

"అత్తయ్యా, కాస్త ఈ వెనక సూది..."

"నా తల నేనే కట్టుకున్నాను. నీ తల నువ్వు కట్టుకో," అనేసి ఆగ్నేతా వెళ్ళిపోయింది.

రోసీనా ఒక్కతే కట్టుకుంది. ఒక సూది చెవిలో గుచ్చుకుంది. రెండు సూదులు ఎక్కడికి పోవాలో తెలియక వంకరగా ఉండిపోయాయి. కొత్త బూట్లు కాళ్ళని నొక్కేస్తున్నాయి. చర్చి చేరేసరికి తలుపులు మూసి, మొదటి పాట అయిపోయింది. తలుపు కిర్రుమని తెరుచుకోగానే అందరి తలలూ వెనక్కి తిరిగాయి. తన సూదులు చూడ్డానికే తిరిగారని ఆమెకు క్షణం సేపు సంతోషం కలిగింది.

ఎడమ వరసలో అత్తగారి బెంచీ నిండిపోయి ఉంది. దాని వెనక బెంచీ చివర సోఫియా థైల్ ఒక్కతే ఇద్దరి చోటు ఆక్రమించుకుని కూర్చుంది. రోసీనా దగ్గరికి రాగానే ఆమె కుచ్చుల లంగాని ఇంకాస్త పరిచింది.

"కొంచెం జరుగుతారా?"

"ఇక్కడ మనుషులొస్తారు."

"ఎవరు?"

"ఎవరో ఒకరు వస్తారు. ఎనిమిది వందల ఏళ్ళుగా వస్తూనే ఉన్నారు."

రోసీనా కుడి వైపు తిరిగింది. మొన్నటి వరకూ తను కూర్చున్న బెంచీ. చివర మేనత్త ఎవా పిట్టర్.

"అత్తా, జరుగు."

"ఆ సూదులు నా కంట్లో గుచ్చుకుంటాయే. నీ వరసలోకి పో."

"నా వరస ఏది?"

"అది పెళ్ళికి ముందు ఆలోచించాల్సింది."

పైన చెక్కమేడ మీద నుంచి సిమోన్ ఇదంతా చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి తప్ప ఇంకేమీ చెయ్యలేకపోయాడు. రోసీనా కాళ్ళు మాత్రం ఇక ఒక్క నిమిషం కూడా నిలబడేలా లేవు. రెండు వరసల మధ్య నడవలో, చర్చి కప్పు కారే చోట, బంట్రోతు పెట్టిన బకెట్టు ఒకటి ఉంది. ఆ పూట ఖాళీగానే ఉంది. ఆమె దాన్ని బోర్లించి, దాని మీద కూర్చుంది.

పాస్టర్ కాప్ గారి ఆ రోజు ప్రసంగం ఏమిటంటే: విందుకు పిలిస్తే మొదటి చోట కూర్చోవద్దు, అందరికంటే తక్కువ చోట కూర్చో. ఆయన ఆ మాట దగ్గరికొచ్చి, కిందికి చూసి, బకెట్టు మీద రోసీనాని చూసి, ఎక్కడున్నాడో మరిచిపోయాడు. సరిగ్గా అప్పుడే వాన మొదలైంది. కప్పులోంచి చుక్క పడింది. సూటిగా ఆమె ముసుగు మధ్యలో. కాసేపటికి ఇంకొకటి. లేస్తే అందరూ చూస్తారని ఆమె లేవలేదు. ప్రసంగం అయ్యేసరికి గంజి పెట్టిన ముసుగు తడిసి రెండు చెవుల మీదకీ వేలాడింది, సూదులు ఒక్కొక్కటే జారి నేల మీద టింగుమన్నాయి.

బయటికొచ్చాక పాస్టర్ గారు ఆమె చెయ్యి పట్టుకుని, "ఎంత వినయం తల్లీ!" అన్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి. బూట్లు కరిచాయని చెప్పడానికి రోసీనాకి నోరు రాలేదు. పొగిడితే కాదనే అలవాటు ఆమెకు అప్పటికి ఇంకా రాలేదు.

 మర్నాడు సిమోన్ కొట్లో పాత ద్రాక్షసారా పీపా ఒకటి విప్పి, ఓక్ చెక్కలతో గుండ్రటి పీట చేశాడు. శనివారం దాన్ని చర్చికి మోసుకెళ్ళి నడవలో పెట్టి వచ్చాడు.

"కప్పు కారే చోటికి రెండడుగులు ముందు పెట్టాను," అన్నాడు. ఆయన చేసిన అతి పెద్ద ప్రేమ ప్రసంగం అదే.

ఇక్కడ వీళ్ళిద్దరి మాటల సంగతి చెప్పాలి. ఆమె లాండ్లర్ల యాసలో మాట్లాడేది, ఆయన సాక్సన్ల భాషలో జవాబిచ్చేవాడు. ఒకరి మాట ఒకరికి పూర్తిగా అర్థమయ్యేది, అర్థం కాకపోవడం అవసరమైనప్పుడు తప్ప. బంగాళాదుంపని ఆమె నేల యాపిల్ అనేది, ఆయన నేల బేరిపండు అనేవాడు. మా ఊళ్ళో ఇలాంటి కాపురాలు ఇంకా ఉన్నాయి. పరాయి భాష మాట్లాడితే ఓడిపోయినట్టని మా నమ్మకం. ఎవరితో పందెం కాశామో మాత్రం మాకు తెలియదు.

పీట వచ్చాక గొడవ పెరిగింది. ఆ చెక్కకి ఇరవై ఏళ్ళ ద్రాక్షసారా పట్టి ఉంది. మనిషి కూర్చుని వేడెక్కితే వాసన మెల్లగా పైకి లేచేది. ప్రార్థన మధ్యలో పై మేడ నుంచి మగవాళ్ళు గట్టిగా ఊపిరి పీల్చడం వినిపించేది. చర్చి పెద్దలు సమావేశం పెట్టారు. సోఫియా మొగుడు సాక్సన్ల తరఫున లేచాడు.

"ఈ అడవి మేం నరికినప్పుడు మీరెక్కడున్నారు?"

ఎవా మొగుడు లాండ్లర్ల తరఫున లేచాడు. "మేం దేవుడి మాట కోసం ఇల్లు వదులుకుని వచ్చాం. మిమ్మల్ని పన్ను ఉండదని రాజు ఆశపెట్టి పిలిచాడు. తేడా లేదా?"

"అసలు సంగతి పీట," అన్నారు పాస్టర్ గారు.

"పీట కాదండీ. పరువు," అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఆ ఏడాది రెండు వర్గాలూ ఏకమైంది ఆ ఒక్క మాట మీదే.

మూడు సమావేశాలు జరిగాయి. తేలలేదు. చివరికి హెర్మన్‌స్టాట్ పట్నంలో ఉన్న బిషప్ గారికి ఉత్తరం రాశారు. నాలుగు నెలలకి జవాబొచ్చింది: ఇది ఊరి లోపలి వ్యవహారం, క్రైస్తవ ప్రేమతో మీరే పరిష్కరించుకోండి అని. ఇంతకంటే కఠినమైన శిక్ష ఆయన మాకు వెయ్యలేడు. ఎవరూ ఏమీ పరిష్కరించలేదు, కాబట్టి పీట అక్కడే ఉండిపోయింది.

రోసీనా గర్వంగా కూర్చునేదని అనుకోకండి. శీతాకాలంలో నడవ పొడుగునా తలుపు సందు లోంచి గాలి కోసేసేది. ఆమెకు నడుం నొప్పి పట్టుకుంది. ఎన్నోసార్లు ఏదో ఒక వరసలో ఇరుక్కుంటే చాలనుకుంది. కానీ అప్పటికే ఊళ్ళో ఆమె గురించి మాట్లాడుకుంటున్నారు. ఇక లేచిపోతే ఆ మాటలు ఆగిపోతాయి. మాటలు ఆగిపోవడం కంటే నడుం నొప్పే నయమనిపించింది. "నేను త్యాగం చేస్తున్నానని అందరూ అన్నారు. నలుగురూ చూస్తుంటే ఎంత చలినైనా తట్టుకోగలనని నాకప్పుడే తెలిసింది," అని తర్వాత చెప్పేది.

మూడేళ్ళకి టిల్డా అనే పదిహేనేళ్ళ సాక్సన్ పిల్ల ఒక లాండ్లర్ కుర్రాణ్ణి పెళ్ళాడింది. ఆ ఆదివారం వంటింటి కుర్చీ ఒకటి చంకన పెట్టుకుని చర్చికి వచ్చింది. అటూ ఇటూ చూడకుండా నేరుగా వచ్చి రోసీనా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

"అక్కా, ఇక్కడ ఖాళీయేగా?"

రోసీనాకి లోపల కోపం వచ్చింది. మూడేళ్ళుగా నడవ మొత్తం తనదే. ఇప్పుడు ఇంకొకతె, అందులోనూ పొడుగ్గా, సన్నగా. అయినా తప్పక నవ్వి, పీట కొంచెం జరిపింది. ఆ జరపడంలో ఎంత లోభం ఉందో తనకే తెలుసు: ఒక్క జానెడు.

ఆ తర్వాత ఇంకొకరు, మళ్ళీ ఇంకొకరు. సిమోన్ పీట తీసేసి, అలాంటి పీపా చెక్కలతోనే బెంచీ చేశాడు. ముప్ఫైల చివరికి నడవ బెంచీ మీద ఆరుగురు కూర్చునేవాళ్ళు. శవపేటిక మోసుకెళ్ళాలన్నా, పెళ్ళికూతురు నడవాలన్నా ఆరుగురూ లేచి, బెంచీ ఎత్తి, పక్కన పెట్టి, మళ్ళీ తెచ్చి వేసేవారు. ఆగ్నేతా మాత్రం ఎడమ వరసలో తన బెంచీ మీద నుంచి ఒక్కసారి కూడా తల తిప్పి కోడలి వైపు చూడలేదు. ఇంట్లోనూ అంతే. రోసీనాకి పిల్లలు పుట్టలేదు. దాని గురించి అత్తగారు ఏమీ అనలేదు. అనకపోవడం రోసీనాకి వినిపించేది.

ఇంతలో యుద్ధం వచ్చి ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న ప్రశ్నని తనే తేల్చేసింది. నలభై ఐదు జనవరిలో ఒక ఉదయం రష్యన్ సైనికులు, వాళ్ళ వెంట మా దేశపు జెండార్మ్ పోలీసులు, చేతుల్లో పేర్ల జాబితాలతో వచ్చారు. జర్మన్ మాట్లాడే మగవాళ్ళలో పదిహేడు నుంచి నలభై ఐదు దాకా, ఆడవాళ్ళలో పద్దెనిమిది నుంచి ముప్ఫై దాకా, అందరూ రష్యా బొగ్గుగనుల్లో పనికి. మీరు ఎనిమిది వందల ఏళ్ళ కిందట వచ్చారా, రెండు వందల ఏళ్ళ కిందట వచ్చారా అని ఎవరూ అడగలేదు. సిమోన్‌కి నలభై మూడు. రోసీనాకి ముప్ఫై ఏడు దాటింది, వదిలేశారు. రొట్టె, పందికొవ్వు, రెండు జతల మేజోళ్ళు మూటకట్టి ఇచ్చింది.

"పొయ్యి పొగగొట్టం శుభ్రం చేయించు," అన్నాడు సిమోన్ బండి ఎక్కుతూ.

"చేయిస్తాలే," అంది.

అంతే. ఇంకేదైనా మంచి మాట అనాల్సిందని ఆమె మూడేళ్ళ పైన బాధపడింది.

ఆ వసంతంలో జర్మన్లమని మా పొలాలు లాక్కున్నారు. ప్రభుత్వం కొండవైపు నుంచి రుమేనియన్ కుటుంబాలని తెచ్చి మా ఇళ్ళలో దించింది. గూనెష్ వాళ్ళ ముందు గది వెటూటా అనే ఆవిడకి, ఆమె మొగుడికి, ముగ్గురు ఆడపిల్లలకి వచ్చింది. ఆగ్నేతా, రోసీనా వెనక గదిలోకి మారారు. రోసీనా మంచాలు జరుపుతూ ఏడుస్తూనే ఉంది. ఏడుస్తూ ఏడుస్తూ ఆగి, నవ్వింది.

"నవ్వెందుకు?" అంది ఆగ్నేతా.

"ఏం లేదత్తయ్యా. ఇవాళ్టి నుంచి ఈ ఊళ్ళో నిన్న వచ్చినవాళ్ళం మేం కాదు. మాకు ప్రమోషనొచ్చింది."

ఆగ్నేతా మొహం తిప్పేసుకుంది. ఆ భుజాలు కదిలాయి. దగ్గో నవ్వో రోసీనా చెప్పలేకపోయింది. వెటూటా మంచి మనిషి. ఆమె కూడా ఇల్లు వదిలి రావాలని కోరుకుని వచ్చింది కాదు. మొదటి వారమే మొక్కజొన్న సంకటి వండి, వెనక గది తలుపు దగ్గర పెట్టి, తలుపు తట్టి పారిపోయింది.

ఆ శీతాకాలం ఆగ్నేతా తుంటి పట్టేసింది. చర్చికి వెళ్ళాలంటే కోడలి భుజం కావాలి. మంచులో వంద అడుగులు నడవడానికి పావుగంట. రోసీనా ఆమెను ఎడమ వరసలో ఆమె బెంచీ మీద కూర్చోబెట్టి, తను నడవలోకి వెళ్ళిపోయేది. ఊరి నుంచి తొంభై నాలుగు మందిని తీసుకుపోయారు. బెంచీలు పళ్ళూడిన దవడల్లా ఉన్నాయి. ఆగ్నేతా బెంచీ మీద ఆమె ఒక్కతే. నడవ బెంచీ మీద కూడా రోసీనా ఒక్కతే. టిల్డా, మిగతా నలుగురూ గనుల్లో ఉన్నారు.

ఒక ఆదివారం లోపలికి రాగానే, ఎడమ వరస దగ్గర ఆగ్నేతా ఆగలేదు. కోడలి భుజం మీద చెయ్యి తియ్యలేదు. ఇద్దరూ నడవ బెంచీ దాకా వచ్చారు.

"అత్తయ్యా, మీ చోటు దాటిపోయాం."

"కనబడుతోంది. గుడ్డిదాన్ని కాదు."

"మరి?"

"అక్కడ ఒక్కదాన్నే గడ్డకట్టుకుపోవాలా? జరుగు."

రోసీనా జరిగింది. ఈసారి జానెడు కాదు, బారెడు. ఆగ్నేతా కూర్చుని, లంగా సర్దుకుని, ముక్కు ఎగబీల్చింది.

"ఇంకా సారా వాసనే వస్తోంది," అంది.

"పాత చెక్క అండీ. మీ అబ్బాయి పని."

"వాడికి చెప్పాను, ఆ చెక్క ఎండబెట్టి వాడమని. ఎప్పుడు విన్నాడు?" అంది ఆగ్నేతా. పాట మొదలవుతుంటే, కోడలి వైపు చూడకుండానే చెయ్యి చాచి ఆమె ముసుగు వెనక వంకరగా ఉన్న సూదిని బయటికి లాగి, సరిగ్గా గుచ్చింది. పద్దెనిమిదేళ్ళుగా అది వంకరగానే ఉందని ఆమె ప్రతి ఆదివారం చూస్తూనే ఉందన్నమాట. 

ఆగ్నేతా మరుసటి ఏడు ఎండాకాలం చనిపోయింది. కొడుకు ముఖం చూడలేదు.

సిమోన్ నలభై ఎనిమిది శరదృతువులో వచ్చాడు. కాళ్ళు వాచిపోయి, తలలో వెంట్రుక లేక, చెవులు ఇంకా పెద్దవిగా కనిపించాయి. అమ్మ లేదని విని చాలాసేపు కొట్లో కూర్చున్నాడు. సాయంత్రం బల్ల దగ్గరికి వచ్చి, "ఇంకో నేల యాపిల్ వెయ్యి," అన్నాడు.

రోసీనా గరిటె ఎత్తి అలాగే నిలబడిపోయింది. "ఏమన్నావు?"

"ఏమన్నాను?"

మూడేళ్ళ పైన ఆయన పడుకున్న గని కూలీల బరాకులో అటు లాండ్లరు, ఇటు లాండ్లరు. ఆకలి వేసినప్పుడు రాత్రీ పగలూ వాళ్ళు తిండి పేర్లే చెప్పుకునేవాళ్ళట. ఆ పేర్లు ఈయన నోటికి పట్టుకుపోయాయి. రోసీనా నవ్వింది, ఏడ్చింది, నేల యాపిళ్ళు రెండు వేసింది. "వద్దయ్యా, నీ భాషలోనే మాట్లాడు, నీ నోట మా మాట వింటుంటే మా నాన్న లేచొచ్చినట్టుంది," అంది. ఆయన మళ్ళీ మారలేదు. సగం ఇది, సగం అది మాట్లాడుతూ ఉండిపోయాడు.

యాభై ఎనిమిదిలో డెప్నర్ మాస్టారు అని ఒక రిటైరైన బడిపంతులు మా ఊరి చరిత్ర రాయడం మొదలుపెట్టారు. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎందుకు వచ్చారు, ఎవరి ఇల్లు ఎవరు కట్టారు, అంతా నోటు పుస్తకాల్లో రాసి, ఒక ఆదివారం మధ్యాహ్నం పాస్టర్ గారింటి హాల్లో చదివి వినిపించారు. పన్నెండు బళ్ళు వచ్చాయి, పడవలు వచ్చాయి. అందరూ తలలూపారు. తర్వాత ఆయన గొంతు సవరించుకుని చదివారు:

"పందొమ్మిది వందల ఇరవై ఏడులో రోసీనా గూనెష్ అనే వినయశీలురాలు, రెండు వర్గాల మధ్య వారధిగా నిలవాలని సంకల్పించి, నడవలో ఆసీనురాలైంది."

రోసీనాకి అప్పటికి యాభై దాటాయి. పొగడ్త వింటే ఇక భరించలేని వయసు. లేచి నిలబడింది. లేచిందని తెలియడానికి వెనకవాళ్ళకి కొంచెం సమయం పట్టింది.

"మాస్టారూ, సంకల్పించిందెవరండీ?"

"మీరేనమ్మా."

"నేనా? నాకు బూట్లు బిగుతయ్యాయి. రాయండి: బూట్లు. దాని ముందు సూదుల పిచ్చి. అది కూడా రాయండి."

హాల్లో నవ్వులు. మాస్టారు కళ్ళజోడు తీశారు. "అమ్మా, మీరు మరీ వినయంగా..."

"ఆవిడకి వినయం లేదండీ, నేను చెబుతాను," అంటూ సోఫియా థైల్ కర్ర పట్టుకుని లేచింది. డెబ్బై ఏళ్ళు. "అసలు నేను జరగనిది సాక్సన్ల పరువు కోసమనుకుంటున్నారు మీరు. కాదు. లంగా కింద వేడి ఇటుక పెట్టుకుని కూర్చున్నాను. జరిగితే అది ఈవిడ కిందికి పోతుంది. నాకు కీళ్ళ నొప్పి. అంతే."

"ముప్ఫై ఏళ్ళ తర్వాత చెబుతున్నావా?" అంది రోసీనా.

"నువ్వు అడిగితేగా!"

లాండ్లర్ల వైపు నుంచి ఎవా పిట్టర్ కోడలు లేచింది. ఎవా పోయి అప్పటికి పదేళ్ళు. "మా అత్త పోయే ముందు చెప్పింది. రోసీనా పెళ్ళి భోజనంలో నన్ను వంటింటి తలుపు పక్కన కూర్చోబెట్టారు, ఈగలన్నీ నా పళ్ళెంలోనే అని. ఆ కోపమట."

ఇక ఆగలేదు. పన్నెండు బళ్ళలో ఒకటి మాదే అని ఎప్పుడూ చెప్పుకునే ముసలాయన ఒకరు, తమ ఇంట్లో గుసగుసగా చెప్పుకునేది వేరే ఉందన్నాడు. మొదటి తాత రైన్ ఒడ్డున ఎవరిదో గుర్రం దొంగిలించి, మళ్ళీ వెనక్కి వెళ్ళలేక ఇటు వచ్చాడట. ఒక లాండ్లర్ ఆయన, తమ పూర్వీకుడికి అసలు చదువే రాదని, బైబిలు గొడవలో ఉన్నది తమ్ముడని, వాడు పడవెక్కుతుంటే తన కొత్త గొడ్డలి వాడి దగ్గర ఉండిపోయిందని వెంటపడి తనూ ఎక్కాడని చెప్పాడు. గనుల నుంచి ప్రాణాలతో తిరిగొచ్చిన టిల్డా నవ్వలేక కడుపు పట్టుకుంది.

"ఇవన్నీ రాస్తే దీన్ని ఎవరైనా చరిత్ర అంటారా?" అన్నారు మాస్టారు దిగులుగా.

"అనరా? మరి మేమంతా ఎలా వచ్చినట్టండీ?" అంది రోసీనా.

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. పెన్సిలుతో "వినయశీలురాలు" అన్న ఒక్క మాట కొట్టేశారు. మిగతాదంతా అలాగే ఉంచారు. మాస్టర్లు ఎంత ఒప్పుకున్నా ఒక మాటకి మించి ఒప్పుకోరు. ఆ నోటు పుస్తకాలు అచ్చు కాలేదు. పాస్టర్ గారింటి బీరువాలో ఉన్నాయి. చదవాలంటే ముందు దుమ్ము దులపాలి.

రోసీనా ఇంకో తొమ్మిదేళ్ళు బతికింది. అరవై ఏడు డిసెంబరులో, వెటూటాతో కలిసి పంది కోసే రోజున, ఉదయం నీళ్ళు మరగబెడుతూ "కాస్త కూర్చుంటాను" అని గోడకి ఆనుకుని కూర్చుంది, మళ్ళీ లేవలేదు. పంది అప్పటికే కోసి ఉంది. ఏం చెయ్యాలో సిమోన్‌కి తెలియలేదు. వెటూటా కళ్ళు తుడుచుకుంటూనే, "మాంసం ఆగదు బాబాయ్, పాడైపోతే ఆవిడ నన్ను క్షమించదు," అంది. ఒక గదిలో శవానికి బట్టలు తొడుగుతుంటే ఇంకో గదిలో సాసేజీలు నింపారు. చావుల్లో గొయ్యి తవ్వే వీధి సంఘంవాళ్ళు గడ్డకట్టిన నేలని గునపాలతో తవ్వి వచ్చి, చేతులు కడుక్కుని, తిన్నారు. సాక్సన్లు, లాండ్లర్లు, కొండవైపు నుంచి వచ్చినవాళ్ళు, అందరూ రెండేసి సార్లు వడ్డించుకున్నారు. అంత మంచి భోజనం పెట్టిన చావు మా ఊళ్ళో మళ్ళీ జరగలేదని, సిగ్గుపడుతూనే, ఇప్పటికీ చెప్పుకుంటాం.